ఆకుపచ్చ సిగలు

చేతులకు పని లేని రోజు రాఘవమ్మకు సెలవులా ఉండదు, జ్వరం తగిలినట్టు ఉంటుంది. రొయ్యల షెడ్డులో ఐసు మిషను చెడిపోయింది, రెండు రోజులు ఎవరూ రావొద్దని సూపర్‌వైజరు ముందురోజే ఫోను చేసి చెప్పాడు. అయినా అలవాటు కొద్దీ తెల్లారకముందే లేచింది. వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లింది. అన్నం వార్చింది. చేపల పులుసు దించింది. తీరా గడియారం చూస్తే ఏడున్నర.

ముత్తుకూరు చుట్టుపక్కల రాఘవమ్మ నోటి సంగతి తెలియనివాళ్ళు తక్కువ. షెడ్డులో ఈ చివర ఆమె అరిస్తే ఆ చివర ఐసుగడ్డలు పగులుతాయని ఆడవాళ్ళు నవ్వుకుంటారు. మొగుడు పోయిన తొమ్మిదేళ్ళూ ఆ నోటితోనే ఇల్లు నెగ్గుకొచ్చింది. కొడుకు గణేష్‌ను డిప్లొమా చదివించింది. వాడు థర్మల్ ప్లాంటులో ఉద్యోగం తెచ్చుకున్నాడు. అలాంటి నోటికి ఆరు నెలల కిందట, కొడుకు పెళ్ళినాడు తాళం పడింది. తాళం వేసినది షెడ్డులో పక్కన కూర్చునే పేరమ్మ.

"కోడలొచ్చినాక నోరు అదుపులో పెట్టుకోమే రాఘవా. నేను పెట్టుకోలా. ఇప్పుడు నా కొడుకు యాడుండాడో చూస్తా ఉండావు గదా," అన్నది పేరమ్మ. ఆమె కొడుకు గూడూరులో వేరు కాపురం పెట్టి మూడేళ్ళయింది. అమ్మకు జ్వరమొచ్చినా రాడు.

ఆ మాటతో రాఘవమ్మ కోడలి ముందు నోరు విప్పడం మానేసింది. కోడలు దుర్గ ఏం చెప్పినా "మంచిది తల్లీ" అనడం నేర్చుకుంది. దుర్గ కూడా తక్కువేం తినలేదు. కొడవలూరులో బడిపంతులు కూతురు, గట్టిగా తుమ్మితే కూడా ఎవరైనా విన్నారేమోనని చూసుకునే రకం. ఆమె నోట రాఘవమ్మ ఎక్కువగా విన్న మాట ఒకటే. కూరలో కారం ఎక్కువైందా అంటే పరవాలేదత్తయ్యా. అద్దం ఆ గోడకు మార్చినాను, బాగుందా అంటే పరవాలేదత్తయ్యా. బాగుందనా, బాగాలేదనా, ఇంకేదైనానా? ఆరు నెలలుగా తల బద్దలు కొట్టుకున్నా రాఘవమ్మకు అంతుపట్టలేదు.

అది శనివారం. దుర్గ చేసే కంప్యూటరు ఉద్యోగానికి సెలవు. చెన్నై ఆఫీసు పనే ఇప్పుడు ఇంట్లో కూర్చుని చేస్తోంది. గణేష్ డ్యూటీకి బయలుదేరుతుంటే దుర్గ కూడా చెప్పులు వేసుకుంది.

"అత్తయ్యా, నెల్లూరు దాకా వెళ్ళొస్తాను. మధ్యాహ్నానికల్లా వచ్చేస్తా."

ఎందుకమ్మా అన్న మాట రాఘవమ్మ నాలుక చివరదాకా వచ్చింది. మింగేసింది. "మంచిది తల్లీ," అన్నది.

నాలుగు రోజుల కిందట పెరట్లో బట్టలు ఆరేస్తుంటే గణేష్ ఫోనులో మాట్లాడటం ఆమె చెవిన పడింది. "నెల్లూరులో మాగుంట లేఅవుట్ వైపైనా పరవాలేదు సార్. రెండు గదులుంటే చాలు. ఉండేది ఇద్దరమే." ఆ ఇద్దరిలో తాను లేదని లెక్క కట్టడానికి రాఘవమ్మకు చదువు అక్కర్లేకపోయింది. ఆ రోజు నుంచి అన్నం సహించడం లేదు. ఇప్పుడీ పిల్ల ఇల్లు చూడటానికే వెళుతోందా? అడిగితే పోతారా, అడక్కపోతే ఉంటారా? ఇద్దరూ ఎక్కిన బండి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి ఆమె అదే ఆలోచించింది. చివరికి తనకు తెలిసిన దారి ఒకటే తోచింది. ఏదైనా మంచి పని చేసి పెట్టాలి. కోడలు వచ్చి చూసి సంతోషపడాలి.

మంచి పని ముందు గదిలోనే దొరికింది. దుర్గ బల్ల.

ఆ బల్ల సంగతి కూడా రాఘవమ్మకు అర్థం కానిదే. నెలకోసారి దుర్గకు అట్టపెట్టెలు వస్తాయి. లోపల బూడిదరంగు ప్లాస్టిక్ ఫ్రేములు. వాటికి చేతులు, కాళ్ళు, తలలు, కత్తులు, డాళ్ళు చింతకాయల్లా అంటుకుని ఉంటాయి. దుర్గ వాటిని కట్టరుతో కత్తిరిస్తుంది, సన్నటి ఆకురాయితో రుద్దుతుంది, ముక్కు మండే జిగురుతో అతికిస్తుంది. బొటనవేలంత సిపాయి లేచి నిలబడతాడు. పాతకాలం వాడు, ఇనప టోపీ, గొలుసు చొక్కా. అక్కడితో ఆగితే ఏదో బొమ్మలాట అనుకోవచ్చు. ఆ పిల్ల అతికించినవాణ్ణే మళ్ళీ నడుం దగ్గర కోస్తుంది. వీడి చెయ్యి వాడికి, వాడి తల వీడికి పెడుతుంది. సాయంత్రాలు గణేష్ పక్కన చేరి ఏదో అంటాడు, ఇద్దరూ నవ్వుకుంటారు. మజ్జిగ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ రాఘవమ్మకు ఆ నవ్వులో ఎక్కడ దూరాలో తెలిసేది కాదు. ఒకసారి అడిగింది కూడా. "ఊరికే, ఒక ఆట అత్తయ్యా," అన్నది దుర్గ.

ఈరోజు బల్ల మీద నీళ్ళ సీసాల మూతలు ఇరవై నాలుగు వెల్లకిలా వరసగా పెట్టి ఉన్నాయి. ఒక్కో మూతలో ఒక తల, ఒక మొండెం, రెండు చేతులు, ఒక ఆయుధం. ఒకదాని పెద్ద తల పక్కనే ఇంకోదాని చిన్న తల. కత్తుల మధ్య బాణాలు. చూడగానే రాఘవమ్మకు ఒళ్ళు జలదరించింది.

ఇరవై ఏళ్ళ షెడ్డు చదువు మరి. రొయ్య చేతికి రాగానే తల తీసెయ్యాలి, పెంకు వలవాలి, వీపు మీద నల్ల నరం గోటితో లాగెయ్యాలి. తర్వాత సైజు ప్రకారం వేరు చెయ్యాలి. కిలోకు ముప్ఫై తూగేవి ఒక ట్రే, యాభై తూగేవి ఇంకో ట్రే. ఒక ట్రేలో రెండు రకాలు కలిశాయంటే సూపర్‌వైజరు చేత మాట పడాల్సిందే. రాఘవమ్మ ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా పడలేదు. ఈ బల్ల మీదైతే ఒక మూతలో అయిదు రకాలు!

"పాపం, ఎప్పటికి వేరు చేసుకుంటదో," అనుకుని ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది.

గంటలో తేల్చేసింది. తలలన్నీ ఒక స్టీలు గిన్నెలో, కుడి చేతులు ఒకదాంట్లో, ఎడమ చేతులు ఒకదాంట్లో, కత్తులూ బాణాలూ ఇంకోదాంట్లో, మొండేలు పళ్ళెంలో పొడవు ప్రకారం. ప్రతి తల వెనక, కొన్ని నడుముల చుట్టూ ఆకుపచ్చటి మెత్తటి ముద్ద అంటుకుని ఉంది. కారిపోయిన జిగురు కాబోలు. నరం తీసే గోరుంది కదా, ఒక్కొక్కటీ శుభ్రంగా గీకేసింది. మూతల అడుగున పెన్నుతో ఏవో గీతలున్నాయి. సబ్బు పెట్టి తోమి, అవీ పోగొట్టి, ఎండలో బోర్లించింది. అంతా అయ్యాక లేచి, నడుం మీద చేతులేసుకుని చూసుకుంది. చాలా రోజుల తర్వాత ఆమెకు ఆకలేసింది.

దుర్గ పన్నెండు దాటాక వచ్చింది. చేతిలో కాగితపు సంచి.

"చూడు తల్లీ, నీ బల్ల సర్ది పెట్టినా," అన్నది రాఘవమ్మ, మొహం ఇంత చేసుకుని.

దుర్గ బల్ల దగ్గరకు వెళ్ళింది. గిన్నెల్లోకి చూసింది. పళ్ళెంలోకి చూసింది. ఒక తల తీసుకుని, వెనక్కి తిప్పి, వేలితో తడిమింది.

"అత్తయ్యా, ఆకుపచ్చది ఉండాలి కదా దీని మీద... ఏమైంది?"

"ఆ జిగురా? అంతా గోటితో తీసేసినా. చెత్తబుట్టలో పడేసినా."

దుర్గ సంచి బల్ల మీద పెట్టింది. అందులో నుంచి చిన్న చిన్న రంగు సీసాలు దొర్లాయి. ఇంటి కోసం కాదు, రంగుల కోసం వెళ్ళిందన్నమాట. రాఘవమ్మ ప్రాణం లేచొచ్చింది. కానీ ఆ పిల్ల మొహం చూస్తే లేచొచ్చిన ప్రాణం మళ్ళీ కూలబడింది.

"ఏమ్మా, తప్పు చేసినానా?"

"పరవాలేదత్తయ్యా."

అంతే. స్నానాల గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. కొళాయి తిప్పిన చప్పుడు. ఆ నీళ్ళు ఎంతసేపటికీ ఆగలేదు. పరవాలేదన్న మనిషి అంతసేపు మొహం ఎందుకు కడుక్కుంటుంది? రాఘవమ్మ ఉండబట్టలేక కొడుక్కి ఫోను చేసి జరిగింది చెప్పింది.

అవతల నుంచి గణేష్ అన్నాడు. "అమ్మా... ఎంత పని చేసినావమ్మా!"

"ఏం చేసినా? సర్దినా. అంతే గదా?"

"అది జిగురు కాదమ్మా. పసుపు ముద్ద, నీలం ముద్ద కలిపి పిసికి, సూదితో చెక్కుతుంది. రాత్రి పెట్టినవి రేపటికి గానీ గట్టిపడవు. ఎవరికి ఏ తల, ఏ చెయ్యి అని మూతల కింద గుర్తులు వేసుకుంది. వచ్చే ఆదివారం చెన్నైలో ఈ బొమ్మల పోటీ. అయిదు నెలల నుంచి దాని కోసమే చేస్తా ఉంది."

"పోటీయా? నాకెవరు చెప్పినారురా?"

"నువ్వెప్పుడు అడిగినావమ్మా?" అన్నాడు గణేష్. వెనక సైరను మోగింది. "నేను మూడింటికి వస్తా. ఈలోపల దుర్గతో ఏం అనొద్దు."

ఏం అనొద్దట. ఆరు నెలలుగా ఆమె చేస్తున్నదే అది. ఫోను పెట్టేసి రాఘవమ్మ చెత్తబుట్ట దగ్గర కూలబడింది. ఉల్లిపొరల మధ్య, చేప పొలుసుల మధ్య ఆ ఆకుపచ్చ ముక్కలు వెతికింది. దొరికినవి గోళీల్లా నలిగిపోయి ఉన్నాయి. ఒక్కదానికి మాత్రం ఇంకా రూపం మిగిలింది. వెలుగుకు పెట్టి చూస్తే అది సిగ. ఎవరో మగవాడు తలంటుకుని, దువ్వుకుని, పక్కకు ముడేసుకున్న సిగ. మినప్పప్పు బద్దంత లేదు. దాని మీద వెంట్రుక గీతలు కూడా ఉన్నాయి. ఇలాంటివి ఇరవై నాలుగు తన గోటికింద పోయాయి. రాఘవమ్మ తన చేతి వైపు ఎవరి చెయ్యో చూసినట్టు చూసుకుంది.

లేచి వెళ్ళేసరికి దుర్గ పడకగదిలో బ్యాగులో బట్టలు పెట్టుకుంటోంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. గొంతు మాత్రం ఎప్పటిలాగే మెత్తగా ఉంది.

"రెండ్రోజులు కొడవలూరు వెళ్ళొస్తానత్తయ్యా. అమ్మని చూసి చాలా రోజులైంది."

రెండు రోజులకు నాలుగు చీరలు ఎవరు పెట్టుకుంటారు? బ్యాగు అడుగున కంప్యూటరు కూడా ఉంది. ఈ పిల్ల ఇప్పుడు గుమ్మం దాటితే ఇక ఈ ఇంటికి రాదు. కొడవలూరు నుంచి తిన్నగా నెల్లూరు ఇంటికే.

"తిట్టు," అన్నది రాఘవమ్మ.

"ఏంటత్తయ్యా?"

"నన్ను తిట్టు. అయిదు నెలల పని పాడు చేసినా. నాకు తెలుసు. గణేష్ చెప్పినాడు. తిట్టి, ఆ తర్వాత పో."

"ఎందుకత్తయ్యా. మీరు కావాలని చెయ్యలేదుగా. పరవాలే..."

"ఆ మాట అనబాకమే!"

ఆరు నెలల తాళం ఊడింది. షెడ్డు గొంతు బయటికి వచ్చింది. పక్కింటి కోళ్ళు రెక్కలు కొట్టుకున్నాయి. దుర్గ చేతిలో చీర జారింది.

"ఇంకొక్కసారి పరవాలేదన్నావంటే ఈ బ్యాగు తీసుకుపోయి కాలవలో పడేస్తా! ఏంది పరవాలేదు? ఎవరికి పరవాలేదు? కళ్ళు చింతనిప్పుల్లా ఉండాయి, పరవాలేదంట! మనిషన్నాక కోపం రాదా? నోట్లో నాలుక లేదా నీకు?"

"ఉంది!" అన్నది దుర్గ. ఆ గొంతు ఎవరిదో అనుకుని తనే ఉలిక్కిపడింది. మరుక్షణం గండి పడింది. "ఉంది! ఎవరు చెయ్యమన్నారు నిన్ను? అడిగినానా నేను? నా బల్ల నీకెందుకు? నెల్లూరు రాజుల కాలం నాటి సిపాయి బొమ్మలు నేను వెతకని చోటు లేదు, దొరకలా. అందుకని పరాయి దేశపోళ్ళని కోసి మనోళ్ళని చేసుకుంటా ఉండా. ఇనప టోపీ అరగదీసి సిగ పెట్టినా. గొలుసు చొక్కా చెక్కేసి పంచెకి కుచ్చిళ్ళు పెట్టినా. ఒకడు నడిచినట్టు ఇంకొకడు నడవకూడదని, ఒకడు నిలబడ్డట్టు ఇంకొకడు నిలబడకూడదని, ఒక్కొక్కడికి వారం పట్టింది. రాత్రి సిగలు చెక్కుతుంటే కళ్ళు లాగేసినాయి. అవి గీకి చెత్తలో పోసినావే! రొయ్యలా అవి?"

"చెప్పొద్దా ముట్టుకోబాకని?"

"ఎట్టా చెప్పేది? నీతో ఏం చెప్పినా మంచిది తల్లీ అంటావు! మంచిది తల్లీ, మంచిది తల్లీ! ఆర్నెల్లు! చుట్టాన్ని చూసినట్టు చూస్తావు. నేను కూర చేసిన రోజు పక్కన ఇంకో కూర చేస్తావు. బాలేకపోతే బాలేదని చెప్పొచ్చు గదా? నా బట్టలు నాకంటే ముందు మడతపెట్టేస్తావు. ఊరంతా నీ నోరు గురించి చెప్పుకుంటారు. షెడ్డులో అందరితో అరుస్తావంట, నవ్వుతావంట. ఇంట్లో నాతో మాత్రం అచ్చం గుళ్ళో మాట్లాడినట్టు మాట్లాడతావు. నేనంటే నీకిష్టం లేదనుకున్నా. నా మొహం చూడలేక ఓర్చుకుంటా ఉండావేమో, మేం పోతే నీకు హాయిగా ఉంటదేమో అనుకున్నా. అందుకే ఇల్లు చూడమన్నా ఆయన్ని! ఆయన అడగలా. నేనే అడిగినా!"

"నీ కూరలో ఉప్పుండదు," అన్నది రాఘవమ్మ. "అన్నింటికన్నా ముందు అది. ఉప్పు వెయ్యవు, పులుపు వెయ్యవు. పథ్యం వండినట్టు వండుతావు. చెబితే పోతావని చెప్పలా. పేరమ్మ చెప్పింది, నోరు తెరిస్తే కొడుకు పోతాడని. నోరు మూసుకున్నా. మంచి అత్తనవుదామని నోరు మూసుకుని చచ్చినానమ్మా. నీకిష్టం లేదని నేననుకున్నా. పరవాలేదు, పరవాలేదంటా ఉంటే, ఈ ఇల్లు నచ్చలేదు, నేను నచ్చలేదు, మర్యాదకి ఓర్చుకుంటా ఉంది అనుకున్నా."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. మంచిది తల్లీ. పరవాలేదత్తయ్యా. ఆరు నెలలుగా ఈ ఇంట్లో అత్తా లేదు, కోడలూ లేదు. ఇద్దరు చుట్టాలు ఉన్నారు. ఎప్పుడు వెళ్ళిపోతారో అని ఒకరు, ఎప్పుడు వెళ్ళమంటారో అని ఒకరు. ఇద్దరిదీ భయమే, ఇద్దరూ దాన్ని మర్యాద అనుకున్నారు. ఇంత చిన్న సంగతి తెలియడానికి ఇరవై నలుగురు సిపాయిలు తలలు పోగొట్టుకోవాల్సి వచ్చింది.

దుర్గ మంచం అంచున కూలబడి ఏడ్చింది. ఈసారి కొళాయి తిప్పుకోలేదు, మొహం దాచుకోలేదు. ముక్కు ఎర్రబడి, వెక్కిళ్ళు పెడుతూ చిన్నపిల్లలా ఏడ్చింది. రాఘవమ్మకు దగ్గరికి వెళ్ళొచ్చో లేదో తెలియలేదు. వెళ్ళి, పక్కన కూర్చుని, వీపు మీద చెయ్యి వేసింది. ఆ పిల్ల చెయ్యి తోసెయ్యలేదు.

"ఇప్పుడు నేనేం చెయ్యాల? చెప్పు. రాత్రీ పగలూ కూర్చుంటా. ముద్ద కలిపిమ్మంటే కలిపిస్తా."

"అవ్వదత్తా. ఎనిమిది రోజుల్లో అవ్వదు. రంగులు వెయ్యడానికే చాలదు." దుర్గ కొంగుతో మొహం తుడుచుకుంది. "ఈ పోటీ పోయినట్టే. మళ్ళీ ఏడాదికి."

దిద్దుకోలేని తప్పు కూడా ఒకటుంటుందని రాఘవమ్మకు తెలుసు. నాలుగు రోజులుగా అడగలేక మింగిన ప్రశ్న బయటికి వచ్చేసింది.

"నిజం చెప్పు. ఏమన్నా అనుకోను. నెల్లూరికి పోతారా?"

దుర్గ బ్యాగు వైపు చూసింది. ఆ పిల్ల నోటి నుంచి పరవాలేదని వచ్చినా, లేదత్తయ్యా ఎక్కడికీ పోమని తీయగా వచ్చినా రాఘవమ్మ నమ్మదు. ఆ సంగతి ఆమెకు అప్పుడే తెలిసింది.

"తెలీదత్తా," అన్నది దుర్గ. "నాకే తెలీదు. ఇప్పుడు అడిగితే ఏమీ తెలీట్లేదు. నీ మీద కోపం ఇంకా తగ్గలా. రేపటికి కూడా తగ్గదు." బ్యాగు జిప్పు సగం లాగి, వదిలేసింది. "ఈ పొద్దు మాత్రం పోను. కానీ చెప్తా ఉండా. ఇంకోసారి నన్నడక్కుండా ఆ బల్ల మీద చెయ్యి వేసినావంటే, ముత్తుకూరు అంతా వినపడేట్టు అరుస్తా. ఈ ఏడనే కాదు, వచ్చే ఏడన్నా, పదేళ్ళకన్నా సరే."

"అరుచుకో తల్లీ," అన్నది రాఘవమ్మ. "పదేళ్ళకైనా అరుచుకో."

కొడుకు పెళ్ళయ్యాక మొదటిసారి కోడలి ఎదుట ఆమెకు ఏడుపు వచ్చింది. ఆపుకోవాలనిపించలేదు.